ట్రక్కు మోడల్ పాలు పోసినట్టు తెల్లబారింది, ముందు ఇరుసు దగ్గర కమాను విరిగింది... కాపాడుకునే దారుందా అండి?

లంకగాలి:

నమస్తే అండి అందరికీ. మాది అమలాపురం అవతల లంక ఊరు. ఇప్పటికి చేసిన ప్లాస్టిక్ మోడల్ కిట్లు రెండే, రెండూ విమానాలు, ట్రక్కు ఇదే మొదటిసారి. మా బావ సింగపూర్ నుంచి వస్తా వస్తా టమియా (జపాన్ మోడల్ కంపెనీ) వాళ్ళ 1/35 జీఎంసీ, అంటే అసలు బండిలో ముప్పై ఐదో వంతు సైజుది, తెచ్చిపెట్టాడు, అదేనండి రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళు వాడిన రెండున్నర టన్నుల సిక్స్ బై సిక్స్ (మూడు ఇరుసులకీ ఇంజను శక్తి అందే) ట్రక్కు, సీసీకేడబ్ల్యూ 353. మామూలుగా అందరూ యూరప్ బండిలా చేస్తారు కదా, మనకి దగ్గర్లో జరిగిన కథ ఉండగా అక్కడిదాకా ఎందుకని నేను లెడో రోడ్డు బండి చేద్దామనుకున్నా. అస్సాంలో లెడో నుంచి బర్మా మీదుగా చైనాలో కున్‌మింగ్ దాకా వెళ్ళిన మొదటి కాన్వాయ్ ఉంది చూడండి, అందులో ఒక బండి అన్నమాట.

అతికించడం బాగానే అయింది. గ్రే ప్రైమర్ డబ్బాతో కొట్టా, ఆలివ్ డ్రాబ్ (మిలిటరీ ఆకుపచ్చ) ఎయిర్‌బ్రష్‌తో కొట్టా, అక్కడిదాకా చూసినోళ్ళందరూ బాగుందన్నారు. ఆ తర్వాతే మొదలైందండి నా తెలివి. డోరు మీద తెల్ల నక్షత్రం డెకల్ (నీళ్ళలో నానబెట్టి అంటించే స్టిక్కరు) డైరెక్టుగా ఆ పెయింటు మీదే వేసేశా. నల్ల ఆయిల్ కలర్ టర్పెంటైన్‌లో కలిపి బండి మొత్తం పూసేశా, ఛాసిస్ అయితే తిరగేసి పట్టుకుని నిండా పోసేసి వదిలేశా, అదే ఆరిపోతుందిలే అని. తర్వాత మా కాలవ గట్టు మట్టి తెచ్చి ఫెవికాల్‌లో కలిపి చక్రాలకి, మడ్‌గార్డులకి, డోర్లకి, ఆఖరికి టార్పాలిన్‌కి కూడా దట్టంగా పట్టించా. మొత్తం అయ్యాక ఒక సాయంత్రం వసారాలో నిలబడి మ్యాట్ వార్నిష్ డబ్బా కొట్టా. బయట వాన పడతానే ఉంది, చూరు కిందే కదా తడవదులే అనుకున్నా.

పొద్దున్న లేచి చూస్తే బానెట్టూ క్యాబిన్ పైకప్పూ మీద పాలు చల్లినట్టు తెల్లటి మచ్చలు. మా అమ్మ చూసి "బూజు పట్టిందేంట్రా" అంది. రెండ్రోజులకి మట్టి, ఎండిన వరి మడి బీటలు తీసినట్టు పగిలి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. వారానికి మిగిలిన మట్టి మీద నిజంగానే బూజొచ్చింది, అమ్మ నోటి మాటండి బాబు. నక్షత్రం చుట్టూ వెండి పూత పూసినట్టు మెరుస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు, నిన్న బల్ల మీద జరుపుతుంటే ముందు ఇరుసు పట్టుకునే కమాను టిక్కుమని విరిగిపోయింది, గట్టిగా పట్టుకోను కూడా లేదు, అప్పడంలా విరిగింది.

పెయింటంతా గీకేసి మొదట్నుంచి చెయ్యాలా, లేకపోతే దారుందా? ఇంకో మాట, ఇవన్నీ సరిచేసినా బండి ఎందుకో ట్రక్కులా లేదండి, బెల్లం పాకంలో ముంచి తీసిన బొమ్మలా ఉంది. అది ఎందుకో కూడా చెప్పండి, తిట్టినా పర్లేదు.


గట్టు గరాజ్:

తమ్ముడూ గీకొద్దు, ఆగు. మాది పాలకొల్లు, పగలు బైకులకి పెయింటు కొడతాను, రాత్రి ఇవే కొడతాను. తెల్లబారడం సంగతి ఒక్కటీ నేను చెప్తా, మిగతాది పెద్దోళ్ళు చెప్తారు.

గోలీసోడా ఐసులోంచి తీసి బల్ల మీద పెడితే సీసాకి చెమట పడుతుంది చూడు, నీ బండికి జరిగింది అదే. డబ్బాలో ఉండే థిన్నర్ చాలా స్పీడుగా ఎగిరిపోయే రకం. ఎగిరిపోయేటప్పుడు ఆ పైపొర చల్లబడిపోద్ది. గాల్లో తేమ నిండా ఉంటే ఆ చల్లటి పొర మీద నీరు పట్టేస్తుంది, వార్నిష్ గట్టిపడేలోపు ఆ నీరు లోపల చిక్కుకుంటుంది, అదే పాల రంగు. వానలో చూరు కింద తడవదు నిజమే, గాలి తడిగానే ఉంటుంది కదా నాయనా. మన డెల్టాలో వానాకాలం నాలుగు నెలలూ ఇదే బాధ, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొట్టే మా షెడ్డులో జూలైలో పొద్దున్న పదకొండు దాటితే గానీ గన్ను ముట్టుకోం, అదీ వాన తెరిపిస్తేనే. తప్పదంటే రిటార్డర్ కలుపుతాం, అది థిన్నర్‌ని నెమ్మదిగా ఎగిరేలా చేస్తుంది, నీళ్ళు బయటికి పోయే టైము దొరుకుతుంది. డబ్బా స్ప్రేకి అది కలపలేవు కాబట్టి ఎండ ఉన్న రోజు చూసుకోవడమే.

ఇప్పుడు చెయ్యాల్సింది. ముందు వేలు తడిచేసి ఒక తెల్ల మచ్చ మీద రాయి. తడి ఉన్నంతసేపు మచ్చ మాయమై, ఆరాక మళ్ళీ తేలిందనుకో, తెలుపు పైపొరలోనే ఉన్నట్టు, పోతుంది. బాగా ఎండ కాసి పొడిగాలి వీచే రోజు గ్లాస్ (gloss, మెరిసే రకం) వార్నిష్ పల్చగా, మంచు పడ్డట్టు రెండు మూడు చేతులు (పూతలు) కొట్టు, ఒక్కో చేతికీ మధ్యలో ఆరనివ్వు. మచ్చలు చాలామటుకు కరిగిపోతాయి. వట్టి థిన్నర్ కొట్టమని ఎవరైనా చెప్తే వినకు, మా బైకు రేకు మీద అది చెల్లుతుంది గానీ నీ కింద ఉన్నది ప్లాస్టిక్కూ, దాని మీద ఆయిల్ వాష్ (నువ్వు టర్పెంటైన్‌లో కలిపి పూసిన ఆ పల్చటి రంగు) కూడాను, మొత్తం ముద్దయిపోద్ది. మ్యాట్ అన్నిటికన్నా ఆఖర్న. డబ్బాని రెండు నిమిషాలు బాగా గిలక్కొట్టు, మ్యాట్ చేసే పొడి అడుక్కి దిగిపోయి ఉంటుంది, సగం కలిసిన డబ్బా కొట్టినా తెల్లగానే వస్తుంది. ముందు అట్టముక్క మీద కొట్టి చూసుకో, తర్వాతే బండి.

తేమ చూసే చిన్న మీటర్లు దొరుకుతాయి, ఒకటి కొనుక్కో. నేనైతే తేమ 65 శాతం దాటితే డబ్బా మూత తియ్యను.


స్ప్రూకట్టర్:

కాకినాడ నుంచి. గరాజ్ గారు చెప్పింది అక్షరాలా నిజం, ఉప్పుగాలి తేమ కూడా తోడైతే మా పరిస్థితి ఇంకా ఘోరం.

కమాను విషయం. అది నువ్వు విరగ్గొట్టింది కాదు, టర్పెంటైన్ విరగ్గొట్టింది. ఛాసిస్ అడుగున పెయింటు ఎప్పుడూ పల్చగానే పడుతుంది, మూలల్లో అసలు పడదు. అక్కడ వట్టి ప్లాస్టిక్ ఉంటుంది. పైగా కమాన్లని కొంచెం వంచి గాడిలో కూర్చోబెట్టి అతికిస్తాం కదా, ఆ ముక్క లోపల బిగువు ఉంటుంది. అలాంటి బిగువున్న ప్లాస్టిక్కుకి టర్పెంటైనూ వైట్ స్పిరిటూ నిండా పట్టిస్తే సన్నటి పగుళ్ళలోకి పాకి పెళుసుగా చేసేస్తాయి. నువ్వు తిరగేసి పోసేశానన్నావు చూడు, ఊరబెట్టినట్టయింది. నేనూ ఇలాగే ఒక ఫిరంగి బండి చక్రాల రాడ్డు పోగొట్టుకున్నాను, ఆ రోజు నుంచి వాష్ అంటే కుంచె మొనతో మాత్రమే. దీనికి మళ్ళీ ప్లాస్టిక్ గమ్ము పెట్టకు, నిలబడదు. విరిగిన రెండు మొహాల్లోనూ చేతి డ్రిల్లుతో అర మిల్లీమీటరు రంధ్రం చేసి ఇత్తడి తీగ ముక్క గుచ్చి సూపర్ గ్లూ పెట్టు. ఇత్తడి తీగ లేకపోతే గిటార్ తీగ కూడా పనికొస్తుంది. మిగతా కమాన్లని కూడా ఒకసారి సూదితో మెల్లగా తాకి చూడు, వాటిలోనూ ఒకటో రెండో పెళుసెక్కి ఉంటాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం, బండి ట్రక్కులా ఎందుకు లేదు అన్నావు కదా. నువ్వు చూసిన వీడియోలన్నిట్లో ఉన్న పనులన్నీ ఒకే బండి మీద చేసేశావు తమ్ముడూ. వాషూ మట్టీ రెండూ సమానంగా అంతటా ఉన్నాయి. రోడ్డు మీద తిరిగిన బండి అలా ఉండదు. ఆ బండి ఏ ఊళ్ళో ఏ నెలలో ఉందో ముందు తేల్చుకోకుండా కుంచె పట్టుకుంటే ఇలాగే వస్తుంది.

నువ్వు లెడో రోడ్డు మొదటి కాన్వాయ్ అన్నావు. అది లెడోలో బయల్దేరింది 1945 జనవరి 12న, కున్‌మింగ్ చేరింది ఫిబ్రవరి 4న. 113 బండ్లు. అంటే ఏ కాలం? చలికాలం, అక్కడ వానల్లేని కాలం. దాదాపు 1,700 కిలోమీటర్లు కొండల్లో ఒకదాని వెనక ఒకటి పోతున్నాయంటే ముందు బండి లేపిన దుమ్ము వెనక బండి మీద పడాలి, వాగుల దగ్గర, ఊట ఉన్న మలుపుల దగ్గర కింద చక్రాలకి కాస్త బురద అంటాలి. టార్పాలిన్ మీద ముద్దలు ముద్దలుగా బురద ఎలా ఎక్కుతుంది చెప్పు, ఎవరైనా పారతో వేశారా? వానాకాలం బురదే చూపించాలనుంటే రోడ్డు వేసేటప్పటి బండి చెయ్యి, పని మొదలైంది 1942 డిసెంబరులో, మధ్యలో వానాకాలాలు గడిచాయి, అప్పుడు ఎంత బురదైనా నిన్ను అడిగేవాడు లేడు. కాన్వాయ్ బండి అంటే మాత్రం దుమ్ము బండే.

ఇంకోటి. మట్టి. మీ కాలవ గట్టు మట్టి నల్లటి ఒండ్రు, ఎండితే బూడిద రంగు. ఆ రోడ్డు కలర్ ఫొటోలు చూడు, కొండని కోసిన ఎర్రటి గోధుమ రంగు నేల. నీ బండిని చూస్తే బర్మా సరిహద్దులో పట్కాయ్ కొండలు దాటినట్టు లేదు, ముక్తేశ్వరం రేవు దాటినట్టుంది 😄

అసలు నిజం మట్టి వాడటమే మంచిది కాదు. స్కేలు లెక్కేసి చూడు. ఒక మిల్లీమీటరు ఇసక రేణువు 1/35లో మూడున్నర సెంటీమీటర్ల రాయి. నువ్వు వేసిన మూడు మిల్లీమీటర్ల పొర పది సెంటీమీటర్ల మందం. పైగా మట్టిలో ఆకూ అలమూ ఉంటుంది, మన తేమకి బూజు పట్టక ఏమవుతుంది. ఎవరైనా వాడాలనే పట్టుదల ఉంటే పెనం మీద బాగా వేయించి పాత వాయిల్ చీర గుడ్డలో జల్లించి ఆ మెత్తటి పొడి మాత్రమే వాడాలి. ఫెవికాల్ ఒక్కటే వేస్తే ఆరేటప్పుడు కుంచించుకుని బీటలు తీస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కాస్త, ఆక్రిలిక్ రంగు, మ్యాట్ మీడియం కలిపి పల్చగా రెండుసార్లు పెట్టు.

వాష్ గురించి ఒక్క ముక్క చెప్పి ఆపేస్తా. నలుపు వద్దు. బర్న్ట్ అంబర్ ఆయిల్ ట్యూబ్ తీసుకుని కొంచెం అట్టముక్క మీద పిండి గంట వదిలెయ్, అట్ట నూనె పీల్చుకుంటుంది, అప్పుడు మెరవకుండా మ్యాట్‌గా ఆరుతుంది. దాన్ని పల్చగా చేసి రివెట్ల చుట్టూ, డోరు సందుల్లో, బానెట్ జాలీ గాడుల్లో మాత్రం సన్న కుంచెతో తాకించు, అదే పాకుతుంది. కింద గ్లాస్ కోటు ఉండాలి, లేకపోతే మ్యాట్ పెయింటు మీద మరకలా పరుచుకుంటుంది. నీకు పాకం రంగు వచ్చింది అందుకే.


డెకల్ దేవి:

రాజమండ్రి. డెకల్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. మ్యాట్ పెయింటు పైకి నున్నగా కనిపిస్తుంది గానీ గరుగ్గా ఉంటుంది, ఆ గరుకు గుంటల్లో డెకల్ కింద గాలి ఉండిపోతుంది, ఆ గాలే వెండిలా మెరిసేది. ముందు గ్లాస్ వేసి, మీద డెకల్, మళ్ళీ గ్లాస్, అదండీ వరస. ఇప్పుడు పీకక్కర్లేదు. సన్న సూదితో మెరిసే చోటల్లా పొడిచి డెకల్ మెత్తబరిచే సొల్యూషన్ చుక్క పెట్టి వదిలెయ్యండి, అరగంటకి చూసి మళ్ళీ ఇంకోసారి. ముడతలు పడినట్టు కనిపిస్తుంది, కంగారుపడి వేలు పెట్టకండి, అదే సర్దుకుంటుంది. నేను మొదటిసారి కంగారుపడి వేలు పెట్టాను, నక్షత్రం ఐదు మూలల్లో మూడే మిగిలాయి. కాకపోతే మీరు పైన వార్నిష్ కొట్టేశారు కాబట్టి సొల్యూషన్ కిందికి దిగాలంటే సూదిపోట్లు కాస్త ఎక్కువే పడాలి.

దుమ్ముకి ఖరీదైన పిగ్మెంట్ సీసాలు తెప్పించుకోవద్దండీ. స్టేషనరీ షాపులో డ్రై పేస్టల్స్ ఉంటాయి, ఆయిల్ పేస్టల్ కాదు, పొడి రాలే రకం. వాటర్ పేపర్ మీద అరగదీస్తే మెత్తటి పొడి వస్తుంది. లేత గోధుమ, ఇటుక రంగు, కాస్త తెలుపు కలిపి మెత్తటి కుంచెతో అద్దండి. మ్యాట్ వార్నిష్ కొడితే సగం దుమ్ము మాయమైపోతుంది, అందుకే నేను కొట్టను, ఆడపడుచు పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టుకుంటాను.

స్ప్రూకట్టర్ గారూ, ఆలివ్ డ్రాబ్ లేతగా చెయ్యడం గురించి చెప్పడం మర్చిపోయారు. పెద్ద బండి రంగు చిన్న బండి మీద అలాగే వేస్తే నల్లగా కనిపిస్తుంది. కాస్త బఫ్ (లేత పసుపు గోధుమ) రంగు కలిపి బానెట్టూ పైకప్పూ, అంటే ఎండ పడే చోట్లు, ఒక చెయ్యి లేతగా వెయ్యాలి. ఇప్పుడు తెల్ల మచ్చలున్నవి కూడా సరిగ్గా అవే చోట్లు, మీ అదృష్టం చూడండి.


లంకగాలి:

అబ్బ, ఒక్క రోజులో ఇంత చెప్పారేంటండి. జనవరి సంగతి నాకు తట్టనే లేదు, బర్మా అంటే వాన అని మెదడులో ఫిక్స్ అయిపోయా. మట్టి మొత్తం పాత టూత్‌బ్రష్షూ గోరువెచ్చని నీళ్ళూ పెట్టి తీసేస్తున్నా, ఫెవికాల్ కాబట్టి నాని వస్తుంది. వార్నిష్ కింద చిక్కుకున్నది మాత్రం రావట్లేదు.

ఇంకో డౌటు. తుప్పు ఎంత వెయ్యాలి? మా వైపు లారీ ఏది చూసినా అంబాజీపేట మార్కెట్‌కి కొబ్బరికాయ తోలే బండ్ల దగ్గర్నుంచి కింద అంచులన్నీ తుప్పే, సముద్రం గాలి కదా. స్పాంజితో డోరు అంచులూ మడ్‌గార్డులూ నిండా తుప్పు చిప్పింగ్ (పెయింటు పెచ్చులు లేచినట్టు కనిపించే చుక్కలు) వేద్దామనుకుంటున్నా, బాగుంటుందా?


మూడుటన్నుల డ్రైవరు:

బాబూ నేను బొమ్మలు చేసేవాణ్ణి కాదు. మా అల్లుడికి ఈ పిచ్చి, అతను చూపిస్తే చదివాను, ఆ తుప్పు మాట దగ్గర ఆగలేక రాస్తున్నాను. మాది తాడేపల్లిగూడెం వైపు, మిలిటరీ మాధవరం దగ్గర. ఆ ఊరి సంగతి వినే ఉంటారు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఫౌజుకి మనుషుల్ని పంపుతున్న ఊరు. నేను ఏఎస్‌సీలో, అంటే ఫౌజుకి సరుకులు చేర్చే ఆర్మీ సర్వీస్ కోర్‌లో, డ్రైవరుగా చేశాను, తోలింది శక్తిమాన్, జబల్‌పూర్‌లో మాన్ కంపెనీ లైసెన్సు మీద కట్టిన బండి.

మిలిటరీ బండికి తుప్పు ఉండదు బాబూ. ఉండనివ్వరు. కొబ్బరికాయల లారీకి ఓనరు ఒకడు, డ్రైవరు ఇంకొకడు, రంగు పోతే ఎవరికి పట్టింది. మాకు అలా కాదు, బండి నా పేరు మీద ఉంటుంది, ఇన్‌స్పెక్షన్ రోజున సాహెబు తెల్ల గుడ్డ పెట్టి కమాను కింద తుడిచి చూసేవాడు. డోరు అంచున పెయింటు లేచిందంటే సాయంత్రానికి డబ్బా బ్రష్షు పట్టుకుని నేనే అక్కడ ముక్క వేసుకునేవాణ్ణి. అందుకని మా బండ్ల మీద తుప్పు కన్నా అతుకులు ఎక్కువ కనిపించేవి, పాత ఆలివ్ మీద కొత్త ఆలివ్ ముక్కలు ముక్కలుగా, ఒకటి ముదురు ఒకటి లేత, మీరు ఆ అమెరికా బండికి అది వెయ్యండి, తుప్పు కాదు. అదీ యుద్ధం ముగిసేనాటికి ఆ బండి వయసెంత చెప్పండి, ఏడాదో రెండేళ్ళో, అంతలో అంత తుప్పు ఎక్కడిది.

అరిగే చోట్లు వేరు. ఎడం చేత్తో ఎక్కడ పట్టుకుని ఎక్కుతామో అక్కడ రంగు పోయి ఇనుము నున్నగా మెరుస్తుంది, తుప్పు పట్టదు ఎందుకంటే రోజుకి ఇరవైసార్లు చెయ్యి పడుతుంది. స్టెప్పు మీద బూటు మడమ పడే మేర ఒక్కటే, మొత్తం కాదు. వెనక డాలా (బాడీ వెనక తలుపు) గొలుసు డాలాని కొట్టుకునే చోట వంపుగా గీత పడుతుంది, నెలవంకలాగ. ట్యాంకు మూత చుట్టూ డీజిల్ కారి దుమ్ము అంటుకుని నల్లగా జిడ్డు, అది కింది దాకా ఒకే చార. కమాను పిన్నుల దగ్గర గ్రీజు బయటికొచ్చి దుమ్ముతో కలిసి ముద్ద కట్టి ఉంటుంది. ఇంజను వేడి తగిలే సైలెన్సర్ గొట్టం మాత్రం తుప్పే, అదొక్కటీ ఒప్పుకుంటాను, దానికి ఏ పెయింటూ నిలబడదు.

లోపల కూడా చూసుకోండి. పెడల్స్ మీద రంగుండదు. సీటు డ్రైవరు వైపే దిగబడి ఉంటుంది.


స్ప్రూకట్టర్:

డ్రైవరు గారూ మీ పోస్టు దాచిపెట్టుకున్నానండి. తుప్పు మాటకి చాలామటుకు ఒప్పుకుంటా, కాకపోతే ఒక చిన్న తేడా. సీసీకేడబ్ల్యూ బాడీలు కొన్ని ఇనుమువి, కొన్ని చెక్కవి, యుద్ధంలో ఇనుము పొదుపు కోసం చెక్క బాడీలు కూడా కట్టారు. ఇనుప బాడీ నేల మీద పెట్టెలూ డ్రమ్ములూ ఈడ్చిన చోట రోజూ గీతలు పడతాయి, అక్కడ లేత తుప్పు రంగు కాస్త ఉండొచ్చు. అదే చెక్కదైతే గీతలు బూడిద రంగు పలకలా కనిపించాలి, తుప్పు వేస్తే చూసినోళ్ళు నవ్వుతారు. లంకగాలీ, నీ కిట్లో బాడీకి పలకల గీతలున్నాయో లేదో చూసి వెయ్యి.

చిప్పింగ్ సైజు కూడా. స్పాంజితో ఒక మిల్లీమీటరు చుక్క పడిందంటే మూడున్నర సెంటీమీటర్ల పెచ్చు లేచినట్టు. వేసిన చుక్కల్లో సగం మళ్ళీ ఆలివ్ రంగుతో మూసెయ్యి, అప్పుడు డ్రైవరు గారు చెప్పిన అతుకులు కూడా వాటంతటవే వస్తాయి.


గట్టు గరాజ్:

డ్రైవరు గారు చెప్పిన పాత ఆలివ్ మీద కొత్త ఆలివ్, మా పనిలో అదే పెద్ద తలనొప్పి అండి, టచప్ చేసిన ముక్క ఎప్పుడూ పట్టిచ్చేస్తుంది. ఇన్నాళ్ళకి ఆ తప్పు కావాలని చెయ్యమంటున్నారు 😀


లంకగాలి:

మూడు వారాలైంది, అప్‌డేట్ ఇస్తున్నా.

కమాన్లలో నిజంగానే ఇంకోటి పెళుసెక్కింది, ముట్టుకోగానే వచ్చేసింది. రెండిటికీ తీగ పెట్టా, ఇప్పుడు నిలబడింది. తెల్ల మచ్చల కోసం ఐదు రోజులు ఎండ కోసం చూశా, ఆరో రోజు మధ్యాహ్నం తెరిపిచ్చింది, మూడు చేతులు గ్లాస్ కొట్టేసరికి బానెట్టు మీదవి పూర్తిగా పోయాయి. పైకప్పు వెనక మూల ఒకటి ఉండిపోయింది, దాని మీద దుమ్ము అద్దేశా, ఇప్పుడు నేనే వెతుక్కోవాలి. నక్షత్రానికి సూదిపోట్లు లెక్కపెట్టలేదు గానీ మెరుపు తొంభై పాళ్ళు తగ్గింది, ఐదు మూలలూ ఉన్నాయండి డెకల్ దేవి గారూ.

మధ్యలో ఒక పని చేశా. రావులపాలెం అవతల ఇసక ర్యాంపు దగ్గరికి బండేసుకుని వెళ్ళి రెండు గంటలు లారీలే చూస్తా కూర్చున్నా. అక్కడోళ్ళు ఏ డిపార్టుమెంటు అని అడిగారు, బొమ్మ లారీ కోసం అంటే ఎవడూ నమ్మలేదు, ఒకాయన భయపడి టీ కూడా ఇప్పించాడు. ఇన్నేళ్ళుగా రోజూ చూసే లారీల్ని అసలు చూడనే లేదని అక్కడ తెలిసిందండి. వెనక జంట టైర్ల మధ్య సందులో రాయి ఇరుక్కుని ఉంటుంది, ఆ రాయి చుట్టూ బురద గట్టిపడి ఉంటుంది, బయటి టైరు మొహం మాత్రం రోడ్డుకి రాసుకుని శుభ్రంగా ఉంటుంది. నేను సరిగ్గా దీనికి రివర్సులో చేశా. టైరు నలుపు కాదు, బూడిద. మడ్‌గార్డు బయటివైపు చిలకరింపు మాత్రమే, ముద్దంతా లోపలివైపు. ముందు చక్రం చిమ్మిన బురద డోరు కింద వెనక మూలకి వంపుగా పడుతుంది, డోరు ముందు సగం ఖాళీ. ఇక అద్దం మీద దుమ్ములో వైపర్ తిరిగినంత మేర విసనకర్రలా శుభ్రంగా ఉంటుంది, దీనికి టేపు ముక్క విసనకర్రలా కత్తిరించి అద్దం మీద అంటించి, దుమ్ము అద్ది, టేపు లాగేశా. మొత్తం మోడల్‌లో మా అమ్మకి నచ్చింది అదొక్కటే.

జంట టైర్ల మధ్య రాయి కూడా పెట్టా, ఇసక రేణువు ఒకటి, సూదిమొనతో. ఎవరికీ కనపడదు. నాకు తెలుసు చాలు.

దుమ్ము ఇటుక రంగు, గోధుమ కలిపి వేశా, కాలవ మట్టి ఒక్క రేణువు లేదు. టార్పాలిన్ టిష్యూ పేపరు మీద నీళ్ళ ఫెవికాల్ పూసి కొత్తది చేశా. డ్రైవరు గారు చెప్పిన నెలవంక గీత డాలా రెండువైపులా వేశా, పెన్సిలుతో, గ్రాఫైట్ నిజంగా ఇనుములాగే మెరుస్తుంది.

డ్రైవరు గారూ, ఇక అసలు సంగతి. తర్వాతది శక్తిమాన్ చేద్దామనుకుంటున్నానండి, కిట్టు లేకుండా ప్లాస్టిక్ షీటు కోసి 1/35లోనే. మీరు తోలిన బండే. కొలతలు, గుర్తులు ఏమైనా చెప్పగలరా? నంబరు ప్లేటు ఎలా ఉండేది?


మూడుటన్నుల డ్రైవరు:

తప్పకుండా బాబూ. నంబరులో పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది, తర్వాత సంవత్సరం రెండంకెలు, ఒక అక్షరం, ఆ తర్వాత నంబరు, ఆఖర్న ఇంకో అక్షరం. నా బండి నంబరు ఇప్పటికీ నోటికొచ్చు గానీ ఇక్కడ రాయను. వెనక కింద డిఫరెన్షియల్ గుండు ఉంటుంది చూడండి, దానికి తెల్ల రంగు వేసి దాని పైన చిన్న బల్బు పెట్టేవాళ్ళం. రాత్రి కాన్వాయ్‌లో హెడ్‌లైట్లు వెయ్యనివ్వరు, ముందు బండి తెల్ల గుండు ఒక్కటే కనపడుతుంది, దాన్ని చూసుకుంటా పోవడమే. అది మాత్రం మర్చిపోకండి, మనోళ్ళెవరూ బొమ్మల్లో వెయ్యరు అంటున్నాడు మా అల్లుడు. శుభ్రంగా తెల్లగా వేసి పైన కాస్త దుమ్ము పెట్టండి, ఎక్కువ వద్దు, బయల్దేరే ముందు గుడ్డ పెట్టి తుడిచేవాళ్ళం.

కొలతలు కాగితం మీద నా దగ్గర లేవు. స్టెప్పు ఎంత ఎత్తులో ఉండేదో అంకె తెలీదు గానీ కాలు ఎంత లేపేవాణ్ణో కాలికి గుర్తుంది. రేపు పొద్దున్న అల్లుణ్ణి టేపు పట్టుకోమని గోడ పక్కన నిలబడి కాలు లేపి చూపిస్తాను, వచ్చిన అంకె రాస్తాను. డోరు పిడి కూడా అలాగే చూద్దాం.